చివరి వారం లేని సీరియల్

పుస్తకాలు బహుమతిగా ఇచ్చేవాళ్లంటే నాకు పడదు. ఏటా పుస్తకాల పండగ చేసుకునే బెజవాడలో ఈ మాట పైకి అంటే జనం నన్ను అదోలా చూస్తారని తెలుసు. చూడనివ్వండి. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనదాన్ని. సన్మానాల్లో, వీడ్కోలు సభల్లో, గృహప్రవేశాల్లో నాకు అంటగట్టిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. వాటిలో ఇచ్చినవాళ్లు తాము చదివి ఇచ్చినవి ఏ ఒకటో రెండో ఉంటాయేమో. దేవుడికి పెట్టే నైవేద్యం ముందుగా రుచి చూడకూడదంటారు. వీళ్లు పుస్తకాలకి కూడా అదే మడి పాటిస్తారు. పైగా మొదటి పేజీలో 'శుభాశీస్సులతో' అని అడ్డంగా ఒక సంతకం గీకుతారు, ఆ పుస్తకం తామే రాసినట్టు.

ఇంకో రకం వాళ్లున్నారు. సభ పెట్టి, మైకు నోటి దగ్గర పెట్టి, "మేడమ్, మీ జీవితాన్ని మార్చిన పుస్తకం, పదిమందికీ ఇవ్వదగ్గ పుస్తకం ఒకటి చెప్పండి" అని అడుగుతారు. అక్కడ ఏం చెప్పాలో అందరికీ తెలుసు. ఏ మహానుభావుడి జీవితచరిత్రో చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగాలి. నా జీవితాన్ని మార్చిన పుస్తకానికి అట్ట మీద పాత కేలండరు లక్ష్మీదేవి ఉందనీ, లోపల పేజీ పేజీకీ తలనూనె ప్రకటనలున్నాయనీ, చివర అసలు లేనే లేదనీ చెబితే మైకు లాక్కుంటారు.

అది అమ్మ కుట్టిన పుస్తకం. నాన్న థర్మల్ స్టేషన్‌లో పనిచేసే రోజుల్లో మేము కొండపల్లి దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అక్కడి ఆడవాళ్లకి వారపత్రిక ప్రాణం. సీరియల్ మొదలైన వారం నుంచి అయిపోయే వారం దాకా ఆ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, బైండు చేసుకునేవాళ్లు. కొందరు బైండింగు షాపులో ఇచ్చేవాళ్లు. అమ్మకి ఆ షాపువాడి పని నచ్చేది కాదు. మైదా జిగురు తనే ఉడికించి, పురుగు పట్టకుండా అందులో ఇంత మైలుతుత్తం కలిపి, గోనెసూదితో కుట్టి, పాత కేలండరు అట్ట వేసేది. పెరట్లో ఆరబెడితే పొగగొట్టం బూడిద వచ్చి దాని మీద పడేది. పమిట చెంగుతో దులిపి లోపల పెట్టేది. ఆ పుస్తకాలు లైను లైనంతా తిరిగేవి. ఎవరింట్లో ఉందో అమ్మకి ఎప్పుడూ తెలుసు.

ఆ సీరియల్లో కథ సుళువైనదే. చదువుకున్న ఒక పిల్లకి పెళ్లవుతుంది. ఉద్యోగం చేస్తానంటుంది. మొగుడు వద్దంటాడు, అత్తగారు ఏడుస్తుంది, ఆ పిల్ల వాళ్లకి తెలియకుండా ఇంటర్వ్యూకి వెళ్లొస్తుంది. మా దగ్గరున్న ఆఖరి వారంలో మొగుడు ఆ పిల్ల సర్టిఫికెట్లన్నీ తెచ్చి అందరూ చూస్తుండగా పొయ్యిలో పెడతాడు. కింద 'ముగింపు వచ్చేవారం' అని ఉంటుంది. ఆ వచ్చేవారం తుఫాను వచ్చింది. రోడ్లు మునిగి బస్సులు ఆగిపోయాయి. మా వైపు పత్రిక రానే లేదు. ఆ తర్వాత వారం కొత్త సీరియల్ మొదలైపోయింది.

అయితే ఆ తుఫాను రోజుల్లో అమ్మ బెజవాడలో పెద్దమ్మగారింట్లో ఇరుక్కుపోయింది. అక్కడ పక్కవాటా వాళ్ల పత్రికలో ముగింపు చదివానని వచ్చాక చెప్పింది. "పరాయివాళ్ల పుస్తకం, చింపుకు రాలేం కదా" అంది. దాంతో ఆ నవల చివర అమ్మ నోట్లో ఉండిపోయింది. పుస్తకం తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వడానికి వచ్చినప్పుడు గుమ్మంలో కూర్చుని అడిగేవాళ్లు, "అయితే పిన్నిగారూ, చివరికి ఏమయింది?" అని. అమ్మ చెప్పేది.

నాకు డిగ్రీ రెండో ఏడాదిలో చెప్పింది. ఇద్దరం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం.

"ఏముందే, తెల్లారి లేచింది, బస్సెక్కింది. సర్టిఫికెట్లు పోతే యూనివర్సిటీకి అర్జీ పెట్టుకోవచ్చంట. డూప్లికేట్లు ఇస్తారంట. తెచ్చుకుంది, ఉద్యోగంలో చేరింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు."

"మొగుడు రాలేదా?"

"రాకేం, వచ్చాడు. ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, పనుంది, సాయంత్రం దాకా ఆగమంది."

ఆ బెంచీ నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఎమ్.కామ్ అయ్యాక నన్ను హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపున్న ఇంటికి ఇచ్చారు. ఆ ఇంటి సంగతులు రాసి కాగితం పాడుచేసుకోను. లెక్చరర్ పోస్టుకి కాల్ లెటర్ వచ్చిన వారం నా సర్టిఫికెట్లున్న ఫైలు కనిపించకుండా పోయింది. "నాకేం తెలుసు, ఎలకలు కొట్టేసి ఉంటాయి" అన్నాడు ఆ పెద్దమనిషి, టైర్ల మీద కూర్చుని పళ్లు కుట్టుకుంటూ. నాకు ఏడుపు రాలేదు. తర్వాత ఏం చెయ్యాలో నాకు ముందే తెలుసు. మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేశాను. పోలీస్ స్టేషన్‌లో కంప్లైంటు రాసిచ్చాను, నోటరీ చేయించాను, యూనివర్సిటీకి అర్జీ పెట్టాను. డూప్లికేట్లు ఇచ్చారు. ఇప్పటిదాకా నేను తిన్న ప్రతి ముద్ద ఆ డూప్లికేట్ల మీద తిన్నదే. జీవితాన్ని మార్చిన పుస్తకం అంటే ఇది. మైకు పట్టుకున్నవాళ్లు అడిగేది ఇది కాదు.

మొన్న అమ్మ పోయింది. పటమటలో అన్నయ్యగారి అపార్టుమెంటులో, తన మంచం మీద, పెద్దగా బాధపడకుండానే పోయింది. పెద్దకర్మకి వచ్చినవాళ్లకి తలా ఒక పుస్తకం చేతిలో పెట్టడం మావైపు ఇప్పుడు ఆచారమైపోయింది. భోజనం ఎంత తప్పనిసరో అదీ అంతే. లోపలి మొదటి పేజీలో పోయినవాళ్ల ఫొటో, కింద జనన మరణాలు, కొడుకుల కోడళ్ల పేర్లు వేస్తారు. ప్రెస్సుల వాళ్ల దగ్గర పుస్తకాలు రెడీగా కట్టలు కట్టి ఉంటాయి. మనం ఫొటో పంపిస్తే ఆ ఒక్క పేజీ అచ్చేసి అతికించి ఇస్తారు. మిగతా పుస్తకంలో ఏముందో ఎవరికీ పట్టదు.

అన్నయ్య శాంపిలు తెచ్చి టీపాయ్ మీద పెట్టాడు. ఇల్లాలి ధర్మాల పుస్తకం. తెరిచిన చోటల్లా భర్త మాట జవదాటకూడదని, అత్తమామలకి ఎదురు చెప్పకూడదని, మగవాళ్లు తిన్నాకే తినాలని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇందులో అమ్మ ఫొటో వేస్తావా? సిగ్గు లేదా నీకు?"

"ఏంటే నీ గొడవ? మంచి మాటలే కదా ఉన్నాయి. ప్రెస్సువాడు ఆడవాళ్లు పోతే అందరూ ఇదే తీసుకెళ్తారన్నాడు."

"నువ్వు చదివావా?"

"చదివేదేముందే అందులో. పెద్దవాళ్లు రాసింది."

"అమ్మ జన్మలో ఇలాంటి పుస్తకం ముట్టుకోలేదు. అమ్మకి సీరియళ్లు ఇష్టం. మొగుణ్ణి వదిలి ఇల్లు దాటొచ్చిన కూతుర్ని గుమ్మంలో నిలబెట్టకుండా, ఒక్క మాట అడక్కుండా లోపలికి రమ్మన్న మనిషి. ఆవిడ మొహం తీసుకెళ్లి దీన్లో అతికిస్తావా?"

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడ ఎప్పుడూ ఏమీ అనదు. నాకు అదీ చిరాకే.

అన్నయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వాడు అలా తుడుచుకుంటే తన సహనానికి మనం దండం పెట్టాలని అర్థం. "సరే, నువ్వు లెక్చరర్‌వి. నువ్వే చెప్పు, ఏ పుస్తకం ఇద్దామో. ఎల్లుండికల్లా ప్రెస్సువాడికి మాటివ్వాలి. నువ్వు తేకపోతే ఇదే."

నేను తేవలసింది ఏమిటో తేల్చుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఆ సీరియల్ తర్వాత నవలగా అచ్చయ్యే ఉంటుంది. కాపీలన్నీ కొని, అమ్మ ఫొటో అందులో పెట్టి, వచ్చిన ప్రతి మనిషికీ ఇస్తాను. జీవితంలో మొదటిసారి నేను కూడా పుస్తకాలు పంచబోతున్నాను, అదీ చదివిన పుస్తకం. ఆ పొగరుతోనే మర్నాడు ఏలూరు రోడ్డుకి వెళ్లాను. రెండు మూడు షాపుల్లో లేదన్నారు. నాలుగో షాపాయన అటక మీంచి ఒక కాపీ దించి, ఎన్ని కావాలన్నా తెప్పిస్తానన్నాడు.

నిలబడే చివరి అధ్యాయం తీశాను. ఎన్నో ఏళ్లుగా నోటితో విన్నది, అచ్చులో చూసుకుందామని. సర్టిఫికెట్లు కాలాయి. తెల్లారింది. మొగుడికి పక్షవాతం వచ్చింది. ఆ పిల్ల మంచం పక్కన కూర్చుని రాత్రింబవళ్లు సేవ చేసింది. అతను కళ్లు తెరిచి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆవిడ అతని కాళ్ల మీద తల పెట్టుకుంది. అయిపోయింది. బస్సు లేదు. డూప్లికేట్లు లేవు. బెంచీ లేదు.

ఆ అధ్యాయం మళ్లీ మొదట్నుంచి చదివాను, ఎక్కడో ఒక పేరా తప్పిపోయానేమోనని. "ఏంటమ్మా, పేజీలు మిస్సింగా?" అన్నాడు షాపాయన. అవునన్నాను. ఆ రచయిత మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు నాకు. అంత కథ నడిపి, చివరికి ఆ పిల్లని తీసుకెళ్లి కాళ్ల దగ్గర పడేస్తాడా? అమ్మ అది నిజంగా చదివి మార్చేసిందో, అసలు చదవనే లేదో ఇప్పుడు అడగడానికి లేదు. ఏదైతేనేం, నా ముగింపు అమ్మ అల్లింది. అది ఆలోచిస్తే ఏలూరు రోడ్డు మీద ఎండలో నడుస్తూ ఏడుపొచ్చింది. కూతురి కోసం ఒక రచయితనే తోసి పారేసిన తల్లి ఎంతమందికి ఉంటుంది? ఎనిమిదో తరగతి చదివిన మనిషి, డూప్లికేట్లు ఇస్తారని ఎవర్నో అడిగి కనుక్కుని మరీ చెప్పింది.

కానీ పంచడానికి నా చేతిలో ఏమీ లేకుండా పోయింది. అచ్చయిన నవల అన్నయ్య తెచ్చిన పుస్తకానికి అక్కచెల్లెలే. అమ్మ కుట్టినది ఒక్కటే కాపీ, దానికి చివర లేదు.

"ఏదీ నీ పుస్తకం?" అన్నాడు అన్నయ్య.

"దొరకలేదు."

"చూశావా మరి" అన్నాడు, గెలిచినవాడి మొహంతో. ఆ మొహం పగలగొట్టాలనిపించింది.

పెద్దకర్మ అపార్టుమెంటు సెల్లార్లో జరిగింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కేటరింగు వాళ్ల గారెలు. గేటు దగ్గర అన్నయ్య నిలబడి వెళ్లేవాళ్లకి పుస్తకాలు ఇస్తున్నాడు. నేను ఒక్కటి కూడా ముట్టుకోనని అందరూ వినేలా చెప్పాను. జనం సంగతి నేను అనుకున్నట్టే ఉంది. ఒకావిడ దాంతో విసురుకుంటోంది, ఒకాయన చెయ్యి తుడుచుకున్న కాగితం అందులో పెట్టాడు, చాలామంది కుర్చీల్లోనే వదిలేసి పోయారు. నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది.

క్వార్టర్స్‌లో మా పక్కింట్లో ఉండే పిన్నిగారు వచ్చింది. కర్ర పట్టుకుని కష్టం మీద నడుస్తోంది, గొంతు మాత్రం అదే. వాళ్లాయన ఆ రోజుల్లో జీతం అందిన సాయంత్రం ఇంటికి రావడానికి మర్నాడయ్యేది. ఆయన కూడా వచ్చాడు, పక్క టేబుల్ దగ్గర పెరుగుగారె తింటున్నాడు.

"మీ అమ్మ పుస్తకాలు చదివే బతికాం అమ్మాయ్ ఆ రోజుల్లో" అంది ఆవిడ. "ఆ సర్టిఫికెట్లు కాల్చేసే సీరియల్ గుర్తుందా? అబ్బ, చివర్లో ఆ సచ్చినోడు లారీ కింద పడతాడు చూడు, ఎంత హాయిగా అనిపించిందో! వాడి ఉద్యోగం ఆ పిల్లకే ఇచ్చారు కదా."

"లారీ ఏంటి పిన్నీ?"

"అదేంటే, మీ అమ్మే కదా చెప్పింది. తనే స్వయంగా చదివానంది." ఆవిడ గొంతు తగ్గించి, గారె తింటున్నాయన వైపు ఓసారి చూసింది. "ఆ ముక్క తల్చుకునే చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను."

నాకు నవ్వాగలేదు. పెద్దకర్మలో నవ్వితే బాగోదని చెంగు అడ్డం పెట్టుకున్నాను. ఎవరికి ఏ ముగింపు కావాలో వాళ్లకి ఆ ముగింపు ఇచ్చింది మా అమ్మ. అన్నయ్య దగ్గరికి వెళ్లి, 'పంచడం అంటే అదిరా, నీలాగా కట్టలు తెచ్చి చేతుల్లో కుక్కడం కాదు' అని చెప్పాలనిపించింది. ఆ పూట ఎవరు దొరుకుతారా చెప్పడానికి అని చూశాను. జనం వెళ్లిపోయాక పైన ఫ్లాట్లో, అమ్మ గదిలో వదిన దొరికింది.

వదిన మిగిలిన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. అమ్మకి చివరి ఏళ్లలో నీళ్లు పోసింది, మంచం మీద బట్టలు మార్చింది ఆవిడే. నేను ఆదివారాలు పళ్లు పట్టుకుని వచ్చి కూర్చుని వెళ్లేదాన్ని. నవ్వుతూ లారీ సంగతి చెప్పాను. వదిన నవ్వలేదు.

"లారీ ఏంటమ్మా? నాకలా చెప్పలేదే అత్తయ్యగారు."

"నువ్వూ చదివావా వదినా అది?"

"చదవకేం. పెద్దాడు పుట్టిన ఏడు. నాకు టీచరు పోస్టింగ్ ఆర్డరు వచ్చింది చూడు, నాగాయలంక వైపు, ఆ రోజుల్లోనే."

ఆవిడకి పోస్టింగ్ వచ్చిందని నాకు అస్పష్టంగా గుర్తు. బి.ఇడి చేసిందని గుర్తు. చేరలేదేమని నేను ఎప్పుడూ అడగలేదు, పిల్లాడి కోసమేమో అనుకున్నాను.

"మీ అన్నయ్య వద్దన్నారు. వెళ్లాలా మానాలా అని నాలో నేనే కొట్టుకుంటున్నాను. అప్పుడు ఆ పుస్తకం చదివి, చివర లేదేంటి అత్తయ్యా అని అడిగాను." వదిన పెట్టెకి టేపు అంటిస్తూ మామూలుగానే చెబుతోంది. "ఆ పిల్ల కిక్కురుమనకుండా ఆ పొయ్యి మీదే ఎసరు పెట్టి, అందరికీ వండి వడ్డించిందంట. ఓర్చుకుందంట. పదేళ్లు తిరిగేసరికి తాళాల గుత్తి ఆవిడ బొడ్లోకి వచ్చిందంట. ఇల్లంతా ఆవిడ మాటేనంట. పుస్తకంలో రాసుందన్నారుగా, అదే న్యాయమేమో అనుకున్నాను. ఆర్డరు మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టేశాను. గడువు దాటిపోయింది."

నేను మంచం అంచు మీద కూర్చుండిపోయాను. అది అమ్మ మంచమే, పరుపు తీసేశారు.

"ఆ రోజు నువ్వు ఈ పుస్తకం గురించి మీ అన్నయ్యతో అంత పోట్లాడావు" అంది వదిన. "నాకేం కొత్తగా అనిపించలేదమ్మా. ఇందులో ఉన్నవన్నీ అత్తయ్యగారి నోట ఎప్పుడో విన్నాను. నీకెలా చెప్పారు చివర?"

అబద్ధం చెప్పొచ్చు. నాకూ అలాగే చెప్పిందనొచ్చు, లేదా పక్షవాతం వచ్చిన మొగుడికి సేవ చేసే అచ్చు కథే చెప్పిందనొచ్చు. వదిన నా మొహంలోకి చూస్తోంది. తెల్లారి లేచి బస్సెక్కిందని చెప్పాను. డూప్లికేట్ల సంగతి చెప్పాను. బెంచీ సంగతి కూడా చెప్పాను.

వదిన టేపు చుట్ట చివర కోసం గోటితో గీరింది.

"అంటే ఆవిడకి ఆ దారి కూడా తెలుసన్నమాట" అంది.

"తెలుసు" అన్నాను.

కింద నుంచి అన్నయ్య కేకేశాడు, ఇంకా ఎవరో వచ్చారు, రెండు పుస్తకాలు పంపించమని. వదిన లేవలేదు. ఆ ఇంట్లో ఎవరైనా పిలిస్తే ఆవిడ లేవకపోవడం నేను చూడ్డం అదే మొదలు. పెట్టె విప్పి రెండు పుస్తకాలు నేనే తీశాను. మొదటి పేజీలో అమ్మ నవ్వుతోంది, నాకు ప్రాణమైన నవ్వు. ఎన్నడూ లేనిది ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది నాకు. కూతురిని బస్సెక్కించిన నోటితోనే కోడలి చేత ఎసరు పెట్టించింది, ఎందుకంటే ఆ ఎసరు తన అన్నానికి. ఆ పుస్తకంలో ఆవిడ ఫొటో ఉండకూడదని నేను ఇంటి మీదికి యుద్ధానికి వెళ్లాను. అన్నయ్య చదవకుండా, ఏమీ ఎరక్కుండా, సరైన పుస్తకంలోనే అతికించాడు.